తుంటి మీది స్టాంపు

ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఉత్తరాలు పంచుతున్నాను.
కుయోపియోలో లిఫ్టు లేని మేడలన్నీ నా మోకాళ్లకు తెలుసు.
ఎవరింటి మూడో మెట్టు కిర్రుమంటుందో,
ఎవరి కుక్క మొరుగుతుందే గాని కరవదో
నన్నడగండి.
గుండె సంగతి మాత్రం అడగొద్దు.
నాలోనే కాపురముంటున్నా
ఆ గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు.

యాభై మూడో ఏట నెలసరి
చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసి పోయింది.
బాకీలేమీ లేవు. వేడి మాత్రం వదిలిపోయింది.
మైనస్ ఇరవైలో, గడ్డకట్టిన కల్లవేసి సరస్సు
పగుళ్లిచ్చుకుంటూ మూలుగుతున్న రాత్రి
కిటికీ బార్లా తెరిచి, తల బయటపెట్టి నిలబడ్డాను.
కింద మంచు తోసే బండివాడు పైకి చూసి చెయ్యి ఊపాడు.
నేనూ ఊపాను.
ఏం చెప్పను, లోపల ఎండలు మండుతున్నాయనా?

ఆసుపత్రి వాళ్ల కబురు నా సంచిలోనే వచ్చింది, నేనే తెచ్చుకున్నాను.
ముట్లుడిగిన ఆడవాళ్లు కావాలట, అరవై మంది.
సగం మందికి హార్మోను ప్యాచ్, సగం మందికి ఉత్త జిగురు.
ఎవరికేది పడిందో మాకూ తెలీదు, అంటించమన్నవాళ్లకీ తెలీదు.
వారానికి రెండు. ఆరు నెలలు.
తుంటి మీద అంటించుకుని అద్దంలో చూసుకుంటే
అచ్చం స్టాంపే.
చిరునామా రాయడం మరిచారు, అంతే.

ల్యాబులో అమ్మాయి పేరు సాతు. చల్లటి చేతులు, మెత్తటి మాట.
ఛాతీకి తీగలు, జబ్బకి పట్టా,
ముక్కూ నోరూ మూసే రబ్బరు ముసుగు.
"తొక్కండి" అంటుంది.
మూడు నిమిషాలకోసారి సైకిలు బరువెక్కుతుంది.
కదలని సైకిలు, ఎక్కడికీ చేర్చని ఎత్తు.
నాడి నూట పన్నెండు. నూట ఇరవై ఆరు. నూట నలభై.
రక్తపోటు పై అంకె రెండు వందల గడప తాకితే
నాకంటే ముందు ఆమె కనుబొమ్మ అలిసిపోతుంది.

గోడ మీద కాగితంలో ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు.
ఎంత కష్టంగా ఉందో వేలితో చూపాలి.
పదమూడు చూపిస్తాను.
కాళ్లు పదిహేడని గోలపెడుతున్నా పదమూడే.
మా అమ్మ ఏడుగురిని కని కూడా పదమూడు దాటలేదు మరి.

ఒకరోజు తొక్కడం మొదలెట్టకముందే
మెడ వెనక నుంచి ఆవిరి లేచింది.
తెర మీద గీతలు గబగబా దగ్గరికి జరిగాయి.
"ఏమైందండీ, మీరింకా కదల్లేదు కదా!"
"నేను కాదమ్మా" అన్నాను, "అది కదిలింది."
సాతు ఏదో రాసుకుంది.
ఏ గడిలో రాసిందో, ఏ పేరు పెట్టిందో
ఇప్పటికీ తెలుసుకోవాలనుంది.

ప్యాచ్‌కి వేడి తగలకూడదన్నారు.
అందుకని మార్చే రోజునే సౌనా,
పాతది పీకేశాక, కొత్తది అంటించకముందు.
హెల్వి తుంటి మీదా నా తుంటి మీదా
నూగు పట్టిన ఒకే చదరపు మరక.
"నాది అసలుదే" అంది హెల్వి. "మళ్లీ కలలొస్తున్నాయి.
నిన్న రాత్రి గుర్రమెక్కాను, జీను కూడా లేదు."
"నాది జిగురే" అన్నాను.
ఆమె రాళ్ల మీద చెంబెడు నీళ్లు కుమ్మరించింది.
ఆ బుస్సులో చర్చ ముగిసింది.

మే నెలలో రెండు కవర్లొచ్చాయి. ఒకటి నాకు, ఒకటి హెల్వికి.
హెల్విది నాలుగో అంతస్తు.
రెండూ పట్టుకుని ఎక్కాను.
గుమ్మంలోనే చించింది. జిగురు.
కాసేపు ఆ కాగితం వంకే చూసి
"మరి ఆ గుర్రం ఎవరిది?" అంది.
నాది అసలు మందు.
అదే బరువుకి నా నాడి ఏడు తగ్గింది.
హెల్విది తొమ్మిది.
ఒక్కొక్కరి లెక్కతో ఏమీ తేల్చలేమని,
అరవై మందినీ కలిపి చూడాలని కింద రాశారు.
నిజమే కావచ్చు. ఒక్క ఉత్తరం చదివి ఊరి సంగతి చెప్పలేం కదా.

ఇంకా గోడకే ఆనుకుని ఉన్నాను, సంచి భుజానే ఉంది.
"ఎంత?" అంది హెల్వి.
ముసుగు లేదు, తీగలు లేవు, అమ్మ లేదు.
"పదహారు" అన్నాను.
"కూర్చో" అంది, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.

ఆ రోజు మూడు వీధుల ఉత్తరాలు ఆలస్యమయ్యాయి.